పూడికో, గండో బొమ్మే చెప్పాలి



మా నరసరావుపేటలో మేముండే వీధిలో రెండిళ్ళు ఎదురెదురుగా వున్నాయి. ఒకటి రిటైరైన మాస్టారిది. రెండోది మిర్చి వ్యాపారం చేసేవారిది. కిందటేడు మూడు నెలల తేడాతో ఆ రెండిళ్ళలోనూ పక్షవాతం వచ్చింది.

మాస్టారికి సాయంత్రం ఆరు గంటలప్పుడు పేపరు చదువుతూ వుండగానే కుడి చెయ్యి జారిపోయింది. మాట ముద్దయిపోయింది. పిల్లలు ఒక్క నిమిషం వృథా చెయ్యలేదు. రెండు గంటలు తిరక్కుండా గుంటూరులో ఒక పెద్దాసుపత్రికి చేర్చారు. తలకి స్కానింగు తీశారు. తీసి, "తీగ పంపి గడ్డ లాగే వైద్యం వుంది గానీ, అది ఈయనకు పనికిరాదండీ" అన్నారు డాక్టర్లు. ఇంటిల్లిపాదీ కాళ్ళావేళ్ళా పడ్డా వినలేదు. నాలుగో రోజున మాస్టారు పోయారు.

ఎదురింటి వ్యాపారిగారి భార్య సంగతి చూడండి. రాత్రి పదింటికి అందరితో మాట్లాడి పడుకుంది. తెల్లవారుజామున అయిదున్నరకు లేవబోతే ఎడమ చెయ్యీ కాలూ ఆవిడ మాట వినలేదు. గ్యాసని కాసేపు, నీరసమని కాసేపు తాత్సారం చేసి, ఆనక కారు కట్టించుకుని వెళ్ళేసరికి పొద్దున్న పది దాటింది. అంటే బాగున్న మనిషిని ఆఖరిసారి చూసి పన్నెండు గంటలు. అదే ఆసుపత్రి, అదే స్కానింగు మిషను. ఆవిడకు మాత్రం గడ్డ లాగేశారు! పదిరోజులకు తన కాళ్ళమీద తాను నడిచి ఇంట్లోకొచ్చింది.

రెండు గంటల్లో వెళ్ళిన మనిషికి లేదన్నారు, పన్నెండు గంటలకు వెళ్ళిన మనిషికి చేశారు. మా వీధి వీధంతా ఒకటే మాట: "డబ్బున్నవాళ్ళకొక న్యాయం, లేనివాళ్ళకొక న్యాయం." చెప్పొద్దూ, ఆ మాట నేనూ అన్నాను. అదీ మాస్టారి భార్య ఎదురుగానే అన్నాను. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని, "మాకే వుంటేనా వదినా" అంది. ఆ రోజు నేనేం చేశానో నాకు తర్వాత గానీ తెలియలేదు.

మా మరిదిగారబ్బాయి గుంటూరులో ఒక స్కానింగు సెంటర్లో పనిచేస్తాడు. పండక్కి వచ్చినప్పుడు ఈ సంగతి అడిగాను. నవ్వి, "డబ్బు కాదు పెద్దమ్మా, బొమ్మ" అన్నాడు. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, నాకర్థమయ్యేలా చెప్పరా అన్నాను. వాడు చెప్పిందీ, ఆ తర్వాత నేను అడిగీ చదివీ తెలుసుకున్నదీ ఈవేళ మీతో చెప్పుకుంటాను.

ఒకే మాట, రెండు జబ్బులు

ముందుగా మన మాటలోనే ఒక చిక్కుంది. "మెదడులో రక్తం గడ్డకట్టిందట" అని మనం రెండు రకాల జబ్బులకీ అనేస్తాం. అవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

మా వైపు పొలాలు చాలావరకు నాగార్జునసాగర్ కుడికాలువ మీద ఆధారపడ్డవి. 1967లో కాలువలకు నీరు వదిలారు. అప్పటినుంచీ కాలువ కష్టసుఖాలు మా ఇళ్ళలో పిల్లలకి కూడా తెలుసు. పొలానికి నీరందకపోవడానికి రెండు కారణాలుంటాయి. కాలువలో పూడిక పడి, చెత్తా చెదారం అడ్డం పడి, నీరు ముందుకు సాగకపోవడం ఒకటి. గట్టు తెగి, గండి పడి, నీరంతా పక్క చేలోకి పోవడం రెండోది. రెంటివల్లా పైరు పాడవుతుంది. చూసేవాడికి పాడైన పైరొకటే కనబడుతుంది. కానీ చెయ్యవలసిన పని వేరు. పూడికైతే తీసెయ్యాలి. గండైతే పూడ్చాలి.

మెదడు సంగతీ అంతే. రక్తనాళంలో గడ్డ అడ్డంపడి రక్తం ముందుకు పోకపోతే అది పూడిక. పక్షవాతాల్లో ఎక్కువ భాగం ఇవే. నాళం చిట్లి మెదడులోకి రక్తం కారితే అది గండి. ముఖ్యంగా బి.పి. అదుపులో లేనివాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ. కారిన రక్తం కూడా పేరుకుని గడ్డకడుతుంది, అందుకే మనం దాన్నీ గడ్డే అంటాం. కానీ నాళంలోంచి తీగ పంపి లాగడానికి అక్కడ అడ్డమేమీ లేదు! గడ్డ కరిగించే ఇంజక్షను ఇచ్చారా, గండి ఇంకా పెద్దదవుతుంది.

పైకి రెండూ ఒకేలా వుంటాయి. అదే మూతి వంకర, అదే చేతి పటుత్వం పోవడం, అదే మాట తడబాటు. నాడి చూసి, కన్ను చూసి, ఇది పూడికో గండో ఖాయంగా చెప్పగల డాక్టరెవరూ లేరు. బొమ్మ చూసే చెప్పాలి.

మాస్టారి ఫిల్ము కవరు వాళ్ళింట్లోంచి తెప్పించి మా అబ్బాయికి చూపించాను. కిటికీ వెలుగుకి పట్టుకుని చూసి, "ఇదిగో పెద్దమ్మా, ఈ తెల్లగా నిమ్మకాయంత కనబడుతోందే, ఇది కారిన రక్తం. ఇందులో లాగడానికేముంది?" అన్నాడు. నా నోట మాట రాలేదు.

మూడు బొమ్మలు, మూడు ప్రశ్నలు

తలని కోయకుండా లోపలి సంగతి చూపించే ఈ సి.టి. స్కానింగు మొదటిసారి మనిషికి తీసింది 1971 అక్టోబరు 1న, లండనులోని వింబుల్డన్ దగ్గర ఒక ఆసుపత్రిలో. మొదటి రోగి ఒక స్త్రీ. ఆ మిషను కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ గారికీ, దాని లెక్కలు కట్టిన కార్మాక్ గారికీ కలిపి 1979లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

పక్షవాతం వచ్చినవారికి ఈ బొమ్మలు ఒక వరసలో తీస్తారు. ఒక్కొక్క బొమ్మ ఒక్కొక్క ప్రశ్నకు జవాబు.

మొదటిది మామూలు సి.టి. గండా, కాదా? ఇది దాని ప్రశ్న. కారిన రక్తం అందులో తెల్లగా కనిపిస్తుంది. గండి కాదని తేలితే, అప్పటికే ఎంత మేర పాడయిందో దానిలోనే చూసి మార్కులు వేస్తారు. ఈ మార్కుల పద్ధతి కెనడాలోని అల్బర్టాలో పుట్టింది, 2000లో ప్రకటించారు. పిల్లల పరీక్షలాగే పదికి మార్కులు. ముఖ్యమైన నాళం తడిపే మెదడు ప్రాంతాన్ని పది మళ్ళుగా విడగొట్టుకుని, పాడైన మడికొక మార్కు కోసేస్తారు. పదికి పది వస్తే పైరింకా నిలిచే వుందన్న మాట. మూడో నాలుగో వస్తే చాలా మేర పోయిందని.

రెండోది యాంజియోగ్రాం. చేతి నరానికి రంగు మందు ఎక్కించి, మెడ నుంచి నడినెత్తి దాకా రక్తనాళాల పటం తీస్తారు. అడ్డం ఎక్కడ? ఇది దాని ప్రశ్న. మేజరు కాలువలో పడిందా, చిన్న బోదెలో పడిందా? పెద్ద నాళంలో పడితేనే తీగ పంపి లాగడానికి వీలు. చిటికెనవేలు గోరంత మచ్చ చేసే సన్న నాళాల్లోకి తీగ పోదు, వాళ్ళకు మందులే వైద్యం. ఈ బొమ్మలోనే ఇంకో సంగతి తెలుస్తుంది. మేజరు మూసుకుపోయినా పక్క కాలువల్లోంచి కొద్దో గొప్పో నీరు వచ్చి చేరుతోందా లేదా అన్నది.

మూడోది అవసరమైనవారికే తీస్తారు. రక్తం ఎక్కడ ఎంత నెమ్మదిగా పారుతోందో కొలిచే సి.టి. ఒకటి, లేదా ఎం.ఆర్.ఐ. చచ్చిందెంత, వాడిందెంత? ఇది దాని ప్రశ్న. అసలు కిటుకంతా ఇక్కడే వుంది.

మిరప తోటకు నీళ్ళాగిపోతే అన్ని మొక్కలూ ఒకేసారి చావవు. అడ్డంపడ్డ చోటును నమ్ముకుని వున్న మొక్కలు ముందు ఎండుతాయి. పక్క బోదె చెమ్మ తగులుతున్న మొక్కలు తలలు వాల్చేసి వుంటాయి గానీ ప్రాణం వుంటుంది. నీళ్ళు పెడితే సాయంత్రానికి తలెత్తుతాయి. ఎండిపోయినదాని మొదట్లో ఎన్ని కడవలు పోసినా లాభం లేదు. మెదడులోనూ అలాగే నడిమధ్య చచ్చిన భాగం, దానిచుట్టూ వాడి బిక్కుబిక్కుమంటున్న భాగం వుంటాయి. ఈ వాడిన భాగం పని చెయ్యదు, కానీ చావలేదు. కొన్ని కంప్యూటర్లు చచ్చినదాన్ని గులాబీ రంగులోనూ, వాడినదాన్ని ఆకుపచ్చలోనూ వేసి చూపిస్తాయి. గులాబీ తక్కువా, ఆకుపచ్చ ఎక్కువా వుంటే ఆ మనిషిలో దక్కించుకోవలసింది చాలా వుందని అర్థం.

మా ఎదురింటావిడ బొమ్మలో జరిగిందదే. గోడమీద గడియారం పన్నెండు గంటలయిందంది. కానీ లోపల పక్క కాలువలు ఆవిడ పైరును కాచుకుంటూ వచ్చాయి. గులాబీ మచ్చ చిన్నది, ఆకుపచ్చ పెద్దది. అందుకని డాక్టర్లు ఒప్పుకున్నారు. తొడ దగ్గర నాళంలోంచి సన్నని గొట్టం పంపి, మెడమీదుగా మెదడు దాకా తీసుకెళ్ళి, వలలాంటి తీగతో గడ్డను పట్టి వెనక్కి లాగారు. కొందరికి గొట్టంతో పీల్చేస్తారు కూడా. పుర్రె తెరవరు. ఆవిడకు ఇప్పటికీ ఎడమచేతి వేళ్ళు కొంచెం మొద్దుగానే వున్నాయి, బొత్తాలు పెట్టుకోలేదు. కానీ తన జడ తాను వేసుకుంటోంది.

ఎందుకు అందరికీ చెయ్యరు?

"లాగి చూస్తే పోయేదేముంది?" అని మనకనిపిస్తుంది. వుందండి. చచ్చిన భాగంలోకి ఒక్కసారిగా రక్తం వదిలితే, నాని పోయిన గట్టు తెగినట్టు అక్కడ రక్తస్రావం కావచ్చు. మేలు లేని చోట ఆ ప్రమాదం ఎందుకు నెత్తికెత్తుకోవాలి?

ఈ పాఠం వైద్యులూ కష్టపడే నేర్చుకున్నారు. 2013లో మూడు పెద్ద పరిశోధనల ఫలితాలు వచ్చాయి. గడ్డ లాగినా ప్రత్యేకంగా లాభం కనిపించలేదన్నాయవి. అప్పటి పరికరాలు పాతవి, ఆలస్యం ఎక్కువ. పైగా కొన్నిటిలో పెద్ద నాళంలో గడ్డ వుందో లేదో బొమ్మలో చూసుకోకుండానే రోగుల్ని తీసుకున్నారు. 2015లో అయిదు పరిశోధనలు వచ్చాయి. వాటిల్లో పెద్ద నాళంలో అడ్డం వుందని ముందుగా బొమ్మలో చూసుకున్నారు, కొత్త రకం వలతీగలు వాడారు. అయిదింటికి అయిదూ మేలన్నాయి. ఆ అయిదింటిలోని 1287 మంది వివరాలనూ 2016లో కలిపి లెక్క వేశారు. మన దేశంలో చదువుకుని కెనడాలోని కాల్గరీలో పనిచేస్తున్న డాక్టర్ మయాంక్ గోయల్ గారు ఆ పనిలో ముఖ్యులు. ఇంచుమించు ప్రతి ఇద్దరు ముగ్గురికి ఈ వైద్యం చేస్తే ఒకరికి అవిటితనం కనీసం ఒక మెట్టు తగ్గుతుందని అందులో తేలింది.

అప్పటికి గడియారమే ముఖ్యం, ఎక్కువమందికి ఆరు గంటల లోపే చేసేవారు. ఆ గీత దాటించింది బొమ్మే. 2018లో రెండు పరిశోధనలు అచ్చయ్యాయి. ఆరు గంటలు దాటి ఇరవైనాలుగు గంటల లోపు వచ్చిన 206 మందిని, మచ్చ చిన్నదిగా వుండి లక్షణాలు మాత్రం పెద్దవిగా వున్నవారిని ఎంచి ఒక దానిలో చూశారు. గడ్డ లాగినవాళ్ళలో నూటికి 49 మంది మూడు నెలలకు తమ పనులు తాము చేసుకోగలిగారు. మందులతో సరిపెట్టినవాళ్ళలో 13 మందే. పదహారు గంటల దాకా వచ్చినవారితో చేసిన రెండో దానిలో 45 మంది, 17 మంది.

2023లో హాలండు వైద్యులు పక్క కాలువల్లో రక్తం వస్తోందా లేదా అని యాంజియోగ్రాంలోనే చూసి, ఆలస్యంగా వచ్చినవారిని ఎంచుకుని మేలు జరుగుతుందని చూపించారు. ఖరీదైన కంప్యూటరు లేని చోట్లకు ఇది మంచి కబురు. 2022, 2023లలోనే మచ్చ పెద్దదిగా వున్నవారిలో కూడా కొందరికి మేలు కనబడింది. ఒక పరిశోధనలో తమ పనులు చేసుకోగలిగినవాళ్ళు నూటికి 20 మంది, మందులతో అయితే 7 మంది. చూడండి, ఎవరికి చెయ్యాలన్న గీత పదేళ్ళలో ఎన్నిసార్లు జరిగిందో! జరిగిన ప్రతిసారీ డాక్టర్ల చేతిలో బొమ్మ వుంది.

అయితే తొందరెందుకు?

ఇరవైనాలుగు గంటలున్నాయి కదా, కాఫీ తాగి వెళదాం అనుకుంటే మునిగామే. ఆ గడువు అందరిదీ కాదు, పక్క కాలువలు బాగున్న అదృష్టవంతులది. మీ ఇంటి మనిషికి ఆ అదృష్టం వుందో లేదో ఇంట్లో కూర్చుంటే తెలియదు. పెద్ద నాళం మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని లెక్కగట్టారు. పైగా గడ్డ కరిగించే ఇంజక్షను మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

మా అత్తగారికి పక్షవాతం వచ్చింది 2009లో, శివరాత్రినాడు. ఇంట్లో అందరం కోటప్పకొండ ప్రయాణం హడావుడిలో వున్నాం. మూతి వంకర పోతే గాలి సోకిందన్నాం. వేడి కాఫీ పట్టాం, పొలమారి వుక్కిరిబిక్కిరయింది. ఎవరో పావురం నెత్తురు రాయమంటే రాశాం. మూడో రోజున ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "బాగున్న మనిషిని ఆఖరిసారి ఎన్నింటికి చూశారు?" నలుగురం నాలుగు టైములు చెప్పాం. ఆరేళ్ళు మంచంలో వుండి పోయింది మహాతల్లి. ఆవిడకు అన్నం కలిపి పెట్టిన చేతులివి. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

మూతి ఒక పక్కకు పోయినా, చేతులు రెండూ ఎత్తమంటే ఒకటి జారినా, మాట తడబడినా, హఠాత్తుగా చూపు పోయినా, నడక తూలినా వెంటనే గడియారం చూడండి. నిద్రలో వస్తే, నిద్రకు ముందు బాగున్న టైమే లెక్క. దాన్ని కాగితం మీద రాయండి.

108కి ఫోను చెయ్యండి. ఇరవైనాలుగు గంటలూ సి.టి. స్కానింగు వున్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళండి. వీధి చివరి డాక్టరుగారి దగ్గర ఆగి సెలైను పెట్టించుకుంటే ఆ గంట తిరిగి రాదు. మాకు గుంటూరు నలభై కిలోమీటర్లు దాటి వుంటుంది. మాచర్ల, గురజాల వాళ్ళకు ఇంకా దూరం. అలాంటివాళ్ళు దగ్గర వూళ్ళో బొమ్మ తీయించుకుని, గండి కాదని తేలాక అక్కడే ఇంజక్షను ఇప్పించుకుని, గడ్డ లాగే చోటికి వెళ్ళే పద్ధతి కూడా వుంది. ఏ ఆసుపత్రిలో ఏముందో జబ్బు రాకముందే కనుక్కుని గోడమీద రాసి పెట్టుకోండి.

నోటికేమీ ఇవ్వకండి. నీళ్ళు కూడా వద్దు. గుండెకు మంచిదని ఆస్పిరిను మింగించకండి. పూడికో గండో తెలియకుండా అది ఇవ్వకూడదు. బి.పి. మాత్ర అదనంగా వెయ్యకండి. రోజూ వేసుకునే మందుల చీటీ తీసుకెళ్ళండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే ముందే చెప్పండి.

డాక్టరుగారిని భయపడకుండా అడగండి: "ఇది రక్తం ఆగడం వల్ల వచ్చిందా, కారడం వల్ల వచ్చిందా? ఆగితే పెద్ద నాళంలోనా? గడ్డ తీసే వీలుందా, లేకపోతే ఎందుకు లేదు?" లేదంటే లేదన్న కారణం బొమ్మలో చూపించమనండి. అది తెలుసుకోవడం మన హక్కే కాదు, మన మనశ్శాంతి కూడా.

ఆ మాట ఎందుకన్నానంటే, ఫిల్ము చూపించిన మర్నాడే నేను మాస్టారింటికి వెళ్ళాను. ఆయనకు గడ్డ అడ్డం పడలేదనీ, నాళం చిట్లిందనీ, ఎంత డబ్బు పోసినా ఆ తీగ వైద్యం ఆయనకు పనికివచ్చేది కాదనీ చెప్పాను. నేనన్న మాట తప్పని ఒప్పుకున్నాను. ఆవిడ చాలాసేపు పలకలేదు. తర్వాత, "ఆ రాత్రి పొలం తాకట్టు పెట్టి డబ్బు తేలేదని నా కొడుకుని మూడు నెలలుగా దెప్పుతున్నాను వదినా. వాడు ఇంటికి రావడం మానేశాడు" అంది. నా ఎదురుగానే కొడుక్కి ఫోను చేసింది.

బొమ్మ పోయిన మనిషిని తేలేదు. కానీ మిగిలినవాళ్ళ మధ్య పడిన గండి పూడ్చింది. తెలియక అన్న మాట ఎంత దూరం పోతుందో నాకు ఆ రోజు తెలిసింది.